సెప్టెంబరు గీతలు

సెప్టెంబరు 8, సోమవారం

పడమటి గోడకు పాచి నల్లగా పట్టింది. బ్లీచింగ్ అయింది, వైర్ బ్రష్ అయింది. ఇక ప్రెషర్ వాషర్ కొనాల్సిందే అంటున్నారు ఆయన. ఇల్లు చూడడానికి రేపల్లె నుంచి మనుషులొస్తారు, పాచి గోడ చూపిస్తే బేరం గేటు దగ్గరే ఆగిపోతుందట.

తెనాలిలో ఇల్లు అమ్మేసి బాపట్లలో ఫ్లాట్ తీసుకోవాలన్నది ఆయన మాటే. పక్క స్థలంలో అపార్ట్‌మెంటు సెల్లార్‌కి గుంట తవ్వడం మొదలైన వారానికి ఆ మాట పుట్టింది.

సెప్టెంబరు 10

నోట్‌బుక్‌లో మూడు గడులు గీశాను. బార్ అంటే నీళ్ల ఒత్తిడి, లీటర్లు, మోటారు. గుంటూరులో ఉన్న మా చంటికి ఫోన్ చేసి, నూట ఎనభై బార్ మంచిదా అని అడిగాను. గోడ కడుగుతావా అమ్మా, లారీ కడుగుతావా అని నవ్వాడు.

సెప్టెంబరు 12

షాపులో మోహనకృష్ణ ఓపిగ్గా చెప్పాడు. బార్ పెరిగితే గొప్ప కాదు పిన్నిగారూ, సన్న నాజిల్ పాత ప్లాస్టరింగును చెక్కేస్తుంది, వెడల్పు నాజిల్‌తో రెండడుగుల దూరం నుంచి కొట్టండి అన్నాడు. మా కొళాయి ధార సరిపోదు, డ్రమ్ములోంచి నీళ్లు లాగే మిషనే కావాలన్నాను. నూట ముప్ఫై బార్ తీసుకున్నాను.

గోడకు బీటలున్నాయా అని అడిగాడు. లేవన్నాను. నాకు తెలిసింది అంతే.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చి నుంచి వచ్చి నేనే కడిగాను. పాచి తొక్కలా ఊడిపోతుంటే ఎంత తృప్తి! మూలకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. నేల దగ్గర మొదలై నిలువుగా పైకి పోయిన బీట. గోరు లోపలికి దిగుతోంది. పాచి కింద ఎన్నాళ్లుగా ఉందో.

మిషన్ చెక్కేసిందన్నారు ఆయన. కాదు. రెండడుగులూ టేపుతో కొలిచి కొట్టాను.

బీట కొస ఇరవై ఒక్క అంగుళాల ఎత్తులో ఉంది. అక్కడ మార్కర్‌తో అడ్డగీత గీసి పక్కన 14/9 వేశాను.

సెప్టెంబరు 17

ఇరవై నాలుగు. గీత, తేదీ.

సెప్టెంబరు 21

ఇరవై తొమ్మిది.

మేస్త్రీ మత్తయిని పిలిచాను. పక్క గుంటలో నీళ్లు తోడే మోటారు వంక చెయ్యి చూపించాడు. ఆ నీళ్లతో మన పునాది కింద మట్టి కూడా పోతోందమ్మా, పైన పూత పూస్తే ఆగేది కాదు అన్నాడు. ఈ గోడ పక్కన ఎవరినీ పడుకోనివ్వొద్దన్నాడు.

ఆయన మత్తయికి టీ ఇప్పించి, బయట అనకు అన్నారు.

సెప్టెంబరు 28

ముప్ఫై అయిదు.

అక్టోబరు 2

పుట్టీ పెట్టించి క్రీమ్ కలర్ వేయించారు. గీతలు కూడా కప్పబడిపోయాయి.

అక్టోబరు 5, ఆదివారం

రేపల్లె వాళ్లు వచ్చారు. జ్ఞానానందంగారు రిటైరైన హెడ్‌మాస్టరు. భార్య జ్ఞానమ్మగారు. మనవరాలు జెస్సీకి నాలుగేళ్లు, వీళ్ల దగ్గరే పెరుగుతోంది. రిటైర్మెంటు డబ్బంతా ఈ ఇంటికే అట.

ఇంజనీరును తీసుకొస్తానని జ్ఞానానందంగారు అంటే జ్ఞానమ్మగారు ఆపేసింది. విశ్వాసుల ఇంటికి ఇంజనీరెందుకండీ, చెల్లెమ్మ మొహం చూస్తే చాలదా అంది. తర్వాత నన్నే అడిగింది, ఇంటితో ఇబ్బందేమైనా ఉందా చెల్లెమ్మా అని.

మా ఆయన నావైపు చూడలేదు.

పాచి పడుతుంది అక్కయ్యగారూ, మిషన్ మీకే వదిలేసి వెళ్తాం అన్నాను.

పడమటి గది చల్లగా ఉందని, జెస్సీ మంచం ఆ గోడకే వేస్తామని చెప్పుకున్నారు.

అక్టోబరు 30

రిజిస్ట్రేషన్ అయింది. బాపట్ల వచ్చేశాం. ఫ్లాట్ గోడలు నాలుగూ చూశాను. ఏమీ లేవు.

నవంబరు 23, ఆదివారం

జ్ఞానమ్మగారు ఫోన్ చేసింది. వానలకు రంగులోంచి మార్కర్ గీతలు పైకి తేలాయట. అన్నీ సెప్టెంబరు తేదీలే, ఏటా ఆ నెలలోనే అబ్బాయి ఎత్తు కొలిచేవారా అంది. నిలబడడం రాకముందే మొదలెట్టారే అని నవ్వింది.

మిషన్‌తో కడుగుదామంటే మనసొప్పలేదట. ఆ గీతలకే ఆనించి జెస్సీని నిలబెట్టి, నలభై అంగుళాల దగ్గర గీత గీసిందట. మీ అబ్బాయివేగా చెల్లెమ్మా అని మళ్లీ అడిగింది.

సంవత్సరం వెయ్యడం నాకెప్పుడూ అలవాటు లేదు.

చంటివేనండి అన్నాను.

నవంబరు 30

జ్ఞానమ్మగారే. మీ గీత ఇంకొకటి తేలింది, ఇది నిలువుగా ఉంది అంది. జెస్సీ గీత దాటి రెండంగుళాలు పైకి పోయిందట. తేదీ లేదేంటి చెల్లెమ్మా అంది.

తేదీ ఇక్కడ వేసుకున్నాను. నలభై రెండు. 30/11.