సవరానికి మూడంగుళాలు

జూలై 1, 2013, సోమవారం. ఉదయం 7.10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త మాత్ర.

నా జుట్టు పంతొమ్మిదేళ్లుగా మెడ దాటకపోవడానికి నానమ్మ అన్నట్టు లాలాగూడ బోరునీళ్లు కారణం కాదు. నాన్న అన్నట్టు నిఘంటువులు చదవడమూ కాదు. దాని పేరు షార్ట్ అనాజెన్. శనివారం సికింద్రాబాద్‌లో చర్మం డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. అనాజెన్ అంటే వెంట్రుక పెరిగే కాలం. అందరికీ అది ఏళ్లు, నాకు నెలలు. పెరిగేలోపే రాలిపోతుంది. అరుదైన రోగమట. నా విషయంలో 'అరుదైన' అనే మాట ఎవరైనా వాడటం ఇదే మొదలు.

మందు: రోజూ సగం మాత్ర. బీపీకి ఇచ్చేదే, మోతాదు బాగా తక్కువ. ఒక్కరోజు కూడా మానకూడదు.

లక్ష్యం: డిసెంబర్ 28. పెదనాన్న కూతురు మార్తక్క పెళ్లి. నేను తోడు పెళ్లికూతుర్ని. నానమ్మ తన ఊడిన జుట్టు నలభై ఏళ్లు దాచి కట్టించుకున్న సవరం ఆ రోజు నా జడకి పెడుతుంది. అది నిలవాలంటే నాకు ఇంకో మూడంగుళాలు కావాలి. నెలకి అర అంగుళం, ఆరు నెలలు. సరిగ్గా మూడు! లెక్క దేవుడే వేసినట్టుంది.

జూలై 7, ఆదివారం

ఏడు సగాలు పూర్తి. స్కేలుతో కొలిచాను. పెరిగింది: సున్నా. అయినా నుదుటి దగ్గర అంకురాలు కనిపిస్తున్నాయి. (అంకురం: మొలక. క్లాస్‌మేట్ నరసరాజు తెచ్చిన వాళ్ల తాతగారి నిఘంటువు, మొదటి సంపుటం. మొత్తం ఆరు. నెలకొకటి సికింద్రాబాద్ రైల్వే స్టేషన్లో ఇస్తానన్నాడు.)

జూలై 23, మంగళవారం

దువ్వెన నిండా జుట్టు. భయం లేదు. మొదట్లో రాలుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇది పెరుగుదలకి పీఠిక.

నాన్న చీపురు పట్టుకుని గదంతా ఊడ్చి, పీఠిక చాలా పెద్దగా ఉందమ్మా, పుస్తకం ఎప్పుడొస్తుంది అన్నాడు.

ఆగస్టు 18, ఆదివారం. మధ్యాహ్నం 2.00

జుట్టు పెరుగుతోంది!!

2.05. చేతుల మీద.

2.10. పై పెదవి మీద కూడా.

గేటు దగ్గర పూలమ్మే ఎల్లమ్మ నా చెయ్యి పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది. "గీ మందుకు తలకాయ అని జెప్పలేదా బిడ్డా? తోవ తప్పినట్టుంది."

పొడుగు చేతుల చుడీదార్లు కుట్టించుకుంటాను. మందు మాత్రం మానను.

సెప్టెంబర్ 8, ఆదివారం

ఈ రోజు చర్చిలో పరువు పోయింది. అయినా రాస్తాను.

నానమ్మ నాకు చెప్పకుండా ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేసింది. స్త్రీల సమాజం ప్రెసిడెంటు కాంతమణి ఆంటీ దాన్ని మైకులో చదివింది: "మన దేవకృప ఒక పొట్టి అన్యజన సంబంధమైన బాధలో ఉన్నది. త్వరగా విడుదల కలుగునట్లు ప్రార్థించండి."

షార్ట్ అంటే పొట్టి. అనాజెన్ నానమ్మ చెవిలో అన్యజన అయింది. మా చర్చిలో అన్యజనులంటే మన దేవుణ్ణి నమ్మనివాళ్లు. ఇక సంబంధం! తెలుగులో ఇంత ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. చర్చి మొత్తం నా వైపు తిరిగింది. ఆ పొట్టివాడి చేతిలోంచి నన్ను విడిపించమని పావుగంట కన్నీళ్లతో ప్రార్థించారు. జుట్టు గురించి ఒక్కరూ అడగలేదు.

ఇంటికొచ్చి నిలదీస్తే నానమ్మ తడుముకోలేదు. "డాక్టరమ్మ చెప్పిందే రాశానే. అందరికీ అర్థం కావాలని తెలుగులో పెట్టాను."

సెప్టెంబర్ 10, మంగళవారం

నాన్న రైల్వే వర్క్‌షాపులో పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీ తాగి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఎత్తెంతమ్మా ఆ అబ్బాయి?"

అబ్బాయి కాదు నాన్నా, రోగం అన్నాను. డాక్టరమ్మ చీటీ చూపించాను. రెండుసార్లు చదివి తలూపాడు. మరి స్టేషన్లో నీకు లావుపాటి పుస్తకాలు ఇచ్చేది ఎవరన్నాడు.

నరసరాజు ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. హిందువు. నేనేం చెయ్యను?

ఇకనుంచి సికింద్రాబాద్ ఒంటరిగా వెళ్లకూడదు. నా మాత్ర దొరికేది అక్కడే. నాన్నే తెస్తాడట. నిఘంటువు మూడో సంపుటంతో ఆగిపోయింది.

అక్టోబర్ 6, ఆదివారం

తప్పిన సగాలు: ఇరవై రెండు.

అందులో పది నాన్న మరిచిపోయినవి. మిగతా పన్నెండుకి కారణాలు:
పరీక్షలు.
మాత్ర సరిగ్గా సగం విరగలేదు.
కాంతమణి ఆంటీ ఇంటికొచ్చి గంటసేపు బుద్ధి చెప్పింది, నీళ్లు తాగడానికి కూడా లేవనివ్వలేదు.
ఉపేక్ష. (అశ్రద్ధ. మొదటి సంపుటం.)

నవంబర్ 17, ఆదివారం

మాత్ర వేసుకుంటే మీసం. మానితే సవరం లేదు. అందుకే రోజు విడిచి రోజు అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చిన రోజు. ఈమధ్య గుర్తు కూడా రోజు విడిచి రోజు వస్తోంది.

కొలత: ముప్పావు అంగుళం.

నానమ్మ ఎంతయిందే అంటే రెండు అన్నాను. వెంటనే పెట్టె తీసి, సవరానికి కొబ్బరినూనె రాసి, మెట్ల మీద ఎండలో పెట్టింది. కాకులు రాకుండా పక్కనే కూర్చుంది. కిటికీలోంచి చూశాను. ఈ రోజుకి నిఘంటువులో ఏ మాటా వెతకలేదు.

డిసెంబర్ 28, శనివారం. సాయంత్రం 5.30

నానమ్మ నా వెనక నిలబడి జుట్టు పాయలు తీసింది. వేళ్లు మెడ మీదికి వచ్చి ఆగాయి. కాసేపు వెతికాయి. పద్నాలుగు పిన్నులు పెట్టింది. ఎల్లమ్మ ఇచ్చిన మూర కనకాంబరాలు చుట్టింది. పెళ్లి మొదలయ్యేదాకా నాకు జడ ఉంది. నిజంగా ఉంది. నడిస్తే వీపుకి తగిలింది.

మార్తక్క ముసుగు సర్దడానికి వంగాను.

సవరం పూలతో సహా నేల మీద పడింది. నేను చూడనేలేదు. వెనక వరసలోంచి నరసరాజు లేచాడు. (దాచడానికి ఏమీ లేదని నలుగురికీ తెలియాలని నాన్నే అతన్ని పిలిచాడు.) దాన్ని నిఘంటువులాగే రెండు చేతులతో పట్టుకుని, చర్చి మధ్యలోంచి నడిచొచ్చాడు.

"ఇది నీదేనా?"

కాంతమణి ఆంటీ ముందు మైకు ఉంది. "ఇతనేనా?" అన్న మాట గుమ్మం దాకా వినిపించింది.

నానమ్మ వచ్చి సవరం అందుకుంది. అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూసింది. నా చెవిలో అంది:

"అనవసరంగా రాశానే. అంత పొట్టేం కాడు."

జనవరి 1, 2014, బుధవారం. ఉదయం 7.10

కొత్త డైరీ. పాత పెన్ను. సగం మాత్ర వేసుకున్నాను.

నానమ్మకి నిజం చెప్పాను. ముప్పావు అంగుళమే అని. "తెలుసు. నా వేళ్లు అబద్ధం చెప్పవుగా" అంది. ఇక నుంచి మాత్ర తనే విరిచి ఇస్తుందట.

లక్ష్యం: ఇంకో రెండుంపావు అంగుళాలు.

గడువు: ఎప్పటిలోగా అని అడిగాను. సవరం మడిచి పెట్టెలో పెడుతూ, నీ పెళ్లికి అంది.

నేటి పదం: సంబంధం. అర్థం రేపు రాస్తాను. 'స' ఉన్న సంపుటం ఇంకా నరసరాజు దగ్గరే ఉంది.