మడావి జంగుబాయి చెప్పిన ఊరు తిరిగి ఇప్పించుట గురించి

మోదుగగూడ, జైనూర్ దారి,
ఆదిలాబాద్ జిల్లా,
11-9-1963

పఠన మందిరాల పర్యవేక్షకులు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: గోండు రచయిత్రి పుస్తకమును తమ ఇన్‌స్పెక్టరు గారు పట్టుకొనిపోయినందున విన్నపము.

మోదుగగూడ పఠన మందిరంలో పుస్తకములిచ్చు దశరథం వ్రాసుకొనునది.

1. "అన్ని జాతుల, తెగల, మతముల రచయితలను చదివించవలెను" అని జనవరిలో తమ ఉత్తర్వు వచ్చినది. బీరువా తెరిచి చూచితిని. నూట తొంభై పుస్తకములు. వ్రాసినవారందరూ ఒకే తీరువారు, ఒకే రైలు స్టేషన్‌లో దిగదగినవారు. గోండు రచయిత పుస్తకం పంపుడని మూడు ఉత్తరములు వ్రాసితిని.

2. పంపినారు. అది గోండుల గురించి వేరొక పెద్దమనిషి వ్రాసినది. గూడెంలో చదివి వినిపించితిని. "వీరు నాట్యప్రియులు, దుఃఖమెరుగరు" అన్నచోట మడావి జంగుబాయి అనే ముసలామె చేయెత్తి ఆపినది.

"గీయన మా తాన్కి ఎన్నడచ్చిండు?"

వచ్చినట్లు పుస్తకంలో లేదని చెప్పితిని.

"గట్లయితే నేను చెప్త. నువ్వు రాయి."

3. ఇరవై రోజులు చెప్పినది. సర్కారు వారు అడవి ఖాళీ చేయించిన నాడు కాలిపోయిన తమ ఊరు, పదకొండు ఇండ్లు, ఏ ఇంట ఎవరుండిరో, ఎటు చెదిరిరో. మాట గోండి, అక్షరం తెలుగు. "గా ఊరు ఇప్పుడు లేదు. పేర్లన్న ఉండనియ్యి బిడ్డా" అన్నది. నోటుబుక్కుకు అట్ట వేసి రిజిష్టరులో నూట తొంభై రెండవ నెంబరు ఇచ్చితిని. సంతకు పోవు గోండులు ఆగి చదివించుకొనిరి. బీరువా తాళం అన్నిసార్లు తీసినది ఎన్నడూ లేదు.

4. ఆగస్టులో ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో నలభై తప్పులు దిద్దినారు.

"ఇదేం తెలుగయ్యా? ఒక్క మాటా సరిగ్గా లేదు!"

"తెలుగు కాదు సార్, గోండి."

"ఈవిడ ఏం చదువుకుంది?"

"సదువు రాదు సార్."

"సంతకం కూడా రానిది రచయిత్రి ఎలా అవుతుంది?" అని నోటుబుక్కు సంచిలో వేసుకొని, నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చి బండెక్కినారు. జంగుబాయి బండి వెంట వాగు దాకా నడిచినది. "నా ఊరు ఏడికి కొంటవోతున్నవ్ సారూ?" అని అరిచినది. వారు వెనుదిరిగి చూడలేదు. అయ్యా, అది నేను చూచితిని.

5. ఈ నెల తమ నివేదిక అచ్చయి వచ్చినది. "చదివించిన గోండు రచయితలు: ఒకరు." ఎవరని విచారించగా జంగుబాయేనట! తమ నివేదికలో ఆమె రచయిత్రి, మా బీరువాలో మాత్రం కాదు. నా బుద్ధికి ఇది అందలేదు.

నా నౌకరి తీసివేసినా సరే, పుస్తకం తిరిగి ఇప్పించవలెను. ఎర్ర సిరా దిద్దుబాట్లతోనే ఇచ్చినా అభ్యంతరము లేదు. నోటీసుకు నా జవాబు కూడా ఇదేనని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దశరథం

తా.క.: జంగుబాయి మళ్ళీ మొదటినుండి చెప్పుచున్నది, నేను వ్రాయుచున్నాను. ఈసారి పదకొండు ఇండ్ల తర్వాత ఇన్‌స్పెక్టరు గారిని కూడా చేర్చినది. "గా సారు పేరేంది? గది గూడ ఉండాలె" అని రోజూ అడుగుచున్నది. పేరు, ఇంటిపేరు తమరు తెలుపగలరు.