చర్చి బెంచీలకు స్పిరిట్ పాలిష్

నవంబర్ 18, 2024, సోమవారం. కోదాడ

ఇంటర్ సెకండియర్‌కు ఆల్కహాల్స్ మొదలుపెట్టాను. మిథనాల్, ఇథనాల్ పక్కపక్కన రాసి, తేడా ఒక్క కార్బనే అన్నాను. వెనక బెంచీలోంచి క్రాంతి లేచి, మేడం, వైన్స్‌ల దొరికేది ఏది అని అడిగాడు. రెండోది, మొదటిది లోపలికి పోతే కళ్లు పోతాయి అన్నాను. క్లాసంతా నవ్వింది. శానిటైజర్‌లో ఐసోప్రొపైల్, లారీ రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో గ్లైకాల్, చలికాలం పెదాలకు రాసుకునే గ్లిజరిన్, అందరిదీ ఒకే ఇంటిపేరు, గుణాలే వేరు అని చెప్పాను.

నాన్న మునగాల దగ్గరి చర్చిలో ముప్పై బెంచీలకు పాలిష్ ఒప్పుకుని ఇవాళే మొదలుపెట్టాడు. క్రిస్మస్‌లోపు కావాలట. పన్నెండేళ్ల కిందట ఇక తాగనని అందరి ముందు లేచి మాటిచ్చింది ఆ చర్చిలోనే. అందుకే ఈ పనంటే ఆయనకు పండగ.

నవంబర్ 20

పాలిష్ అంటే లక్కను స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో రుద్దడం. పూత మీద పూత. తడి మీద హైవే దుమ్ము వాలితే పనంతా పాడు. అందుకని కిటికీలూ తలుపులూ మూసుకుని చేస్తున్నాడట. గాజు తీర్గ మెరుస్తున్నయని అన్నం తింటూ గొప్పలు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ స్పిరిట్ వాసన ఆమెకు నాన్న తాగే పాత రోజుల్ని గుర్తుకు తెస్తుంది. నాకూ అంతే.

నవంబర్ 22, సాయంత్రం ఆరు

పాస్టర్ స్టీఫెన్ గారు నాన్నను ఆటో ఎక్కించి పంపారు. దిగుతూనే తూలాడు. వాకిట్లో వాంతి చేసుకున్నాడు. తలకాయ పలుగుతుంది అన్నాడు. అమ్మ నావైపు చూసింది. చిన్నప్పుడు ఆ చూపుకు అర్థం, పోయి నోరు వాసన చూసి రమ్మని. నాకిప్పుడు ముప్పై ఒకటి. పోయి చూశాను.

ఏది నోటి వాసనో, ఏది చొక్కా వాసనో తెలియలేదు. నేను తాగలే బిడ్డా అన్నాడు. వోడ్కాకు పెద్దగా వాసన ఉండదని నాకు తెలుసు. కెమిస్ట్రీ మేడంను కదా. పడుకో నాన్నా, పొద్దున మాట్లాడదాం అన్నాను. నా మనసులో ఏముందో ఆయనకు అర్థమైంది. గోడ వైపు తిరిగాడు.

నవంబర్ 23, ఉదయం ఏడు

కళ్ల ముందు పొగమంచు ఉందంటున్నాడు. బయట మంచు లేదు.

అదే రోజు, మధ్యాహ్నం రెండు. సూర్యాపేట దవాఖాన

పొగమంచు అనగానే మిథనాల్ గుర్తొచ్చి బండి మాట్లాడాను. వచ్చే దారిలో చర్చి దగ్గర ఆగి స్పిరిట్ డబ్బా చూశాను. లేబుల్ లేదు. ఎప్పుడూ కొనేది దొరక్క వేరేది తెచ్చాడట. ఐదు రోజులు మూసిన గదిలో దాన్నే పీల్చాడు. చేతికంటిన లక్క పోవాలని మోచేతుల దాకా దానితోనే కడుక్కున్నాడు. మిథనాల్ నోటి గుండానే పోవాలని లేదు. ఊపిరిలోంచి పోతుంది, చర్మంలోంచి పోతుంది. ఇది నేను క్లాసులో చెప్పలేదు. పరీక్షలో రాదు.

నేను అనుమానిస్తూ కూర్చున్న ఒక రాత్రి వృథా అయింది.

విరుగుడు ఇంజెక్షన్ హైదరాబాద్ నుంచి రావాలని డాక్టర్ రచన చెప్పింది. అది వచ్చేదాకా ఇథనాల్‌ను, అదే వైన్స్‌లో దొరికేదాన్ని, కొలిచి జ్యూస్‌లో కలిపి తాగించాలట. అమ్మ నమ్మలేదు. ఆమె ఒకప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేసింది కాబట్టి ఆ లెక్కలోనే చెప్పాను. లివర్ ఒక మిల్లు. మిథనాల్ అందులో ఆడితేనే విషం తయారవుతుంది. ఇథనాల్ లారీలను ముందు నిలబెడితే మిల్లు వాటినే తీసుకుంటుంది, మిథనాల్ గేటు బయటే ఆగి మెల్లగా మూత్రంలో పోతుంది. గేటు కాడి లైను నాకు ఎరుకే అంది అమ్మ.

గ్లాసు దగ్గరికి తెస్తే నాన్న మొహం తిప్పుకున్నాడు. నిన్న తాగలే అంటే నమ్మకపోతిరి, ఇయ్యాల తాగు అంటున్నరు అన్నాడు. కళ్లు పోతాయి నాన్నా అన్నాను. పోతే పోనీ, ఇచ్చిన మాటన్న ఉంటది అన్నాడు. నేను నమ్ముతున్నాను అన్నాను. డబ్బా సూసినంక నమ్మినవ్, నన్ను సూసి కాదు అన్నాడు. వార్డులో అందరి ముందూ ఏడ్చాను.

అప్పుడు అమ్మ నర్సు చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నేను తాపిస్త, నా చేతుల తాగు, దేవునికి జవాబు నేను చెప్పుకుంట అంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. నాన్న ఆమె ముంజేయి పట్టుకుని తాగాడు. మొహం వికారంగా పెట్టాడు. గంటగంటకూ ఆమే తాపింది.

నవంబర్ 24

ఇంజెక్షన్ వచ్చింది. డయాలసిస్ కూడా చేశారు. మూడు వేళ్లు చూపిస్తే నాలుగు అంటున్నాడు.

నవంబర్ 29

ఇంటికొచ్చాం. చూపు మధ్యలో చిన్న మసక మిగిలింది. పోవచ్చు, పోకపోవచ్చు అన్నారు. నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. చాయ్ బాగుందంటాడు, కాలేజీ ఎట్లున్నదంటాడు. తిట్టినా బాగుండు.

డిసెంబర్ 2, సోమవారం

మిథనాల్ మళ్లీ చెప్పాను. చర్మం, ఊపిరి, మూసిన కిటికీలు. ఇది ఇంపార్టెంటా మేడం అని క్రాంతి అడిగాడు. అవునన్నాను. పరీక్షకా అన్నాడు. కాదన్నాను.

డిసెంబర్ 9

మిగిలిన బెంచీలు తానే చేస్తానని నాన్న పట్టుబట్టాడు. కొత్త స్పిరిట్ నేనే చూసి కొన్నాను, గ్లౌజులు కూడా. కిటికీలు తెరిచే చేస్తున్నాడు. దుమ్ము పడుతుందని ఒకటే సణుగుడు.

డిసెంబర్ 14, శనివారం

నాన్న ఇవాళ చాలా ఆలస్యంగా వచ్చాడు. గడప దగ్గర తూలి ద్వారబంధం పట్టుకున్నాడు. ఎక్కడ ఆగాడో చెప్పలేదు, నేను అడగలేదు. అన్నం వడ్డించాను.

తాగలేదనే నమ్మాను. ఎందుకంటే అని రాయడానికి ఈసారి ఏ డబ్బా లేదు.