ఎలుకల మందు కాదు

ఏప్రిల్ 11
ఇవాళ మధ్యాహ్నం నా భార్య షాకేరా పోయింది. ఉదయం కొంచెం ఇడ్లీ తింది. దవాఖానాలో ఫ్యాను గోల చేస్తోందని నర్సుకు చెప్పింది. స్లైడ్లు సరళ చేస్తుంది, సీసా నువ్వు చేర్చు అని నాతో అంది. సరేనన్నాను. తర్వాత నిద్రపోయింది, లేవలేదు. ఆమె తమ్ముడు మతీన్ వెళ్లి షాపు మూసి వచ్చాడు.

ఏప్రిల్ 24
నిర్ణయం: షాకేరా పని పూర్తి చేయిస్తాను.
పనేమిటో రాసి పెట్టుకోవాలి. నేను ఫ్రిజ్‌లు అమ్మేవాణ్ణి, ఆమెలా జువాలజీ లెక్చరర్‌ను కాను. పెళ్లి బరాత్‌లో డీజే మోత వింటే ఎలుక మెదడు ఎంత బెదురుతుందన్నది ఆమె పరిశోధన. కణం ఉలిక్కిపడితే లోపల ఒక ప్రొటీన్ పుడుతుంది. పేరు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. జన్యువులను పనిలోకి దింపే మేస్త్రీ అనుకోవచ్చు. ఆ మేస్త్రీ ఎక్కడున్నా పట్టి, గోధుమరంగు చుక్కగా చూపించేది యాంటీబాడీ. ఉన్నది ఒక్కటే చిన్న సీసా.
జర్నల్ వాళ్లు ఎలుక మెదడు ముక్కలవి ఇంకొన్ని స్లైడ్లు అడిగారు. జూన్ పదిలోపు పంపితే వ్యాసం మీద మొదటి పేరు షాకేరాది. లేకపోతే ఆమె చేసిన భాగం తీసేస్తానని ఖమ్మంలోనే ఉండే ఆమె గైడ్ చెప్పాడు. భాగంతోపాటు పేరు కూడా.
భద్రాచలం కాలేజీలో ఆమె జూనియర్ సరళకు సీసా అందించాలి. ఒక్క బస్సు ప్రయాణం. ఇంత సులువైన నిర్ణయం ఇంకెవరూ తీసుకుని ఉండరు.

ఏప్రిల్ 25
సీసా మా ఇంటి పాత ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రీజర్ నిండా గడ్డకట్టిన మంచు. ఫ్రిజ్‌ల సేటు ఇంట్లో ఈ డొక్కు ఏమిటని చుట్టాలు నవ్వేవారు. మారుస్తానంటే షాకేరా ఒప్పుకునేది కాదు.
ఆమె సీసాకు ఇంతకంటే మర్యాద జరగాలి. షాపులో అన్నిటికన్నా ఖరీదైనది ఇంటికి తెప్పించాను. ఫ్రాస్ట్‌ఫ్రీ. మంచు పొర కూడా పట్టదు. సీసాను నా చేత్తోనే మార్చాను. మనసు తేలికపడింది.

మే 3
వేసవి గిరాకీ. చల్లటి పెట్టెలు అమ్మే తొందరలో చల్లటి సీసా మోయడానికి తీరిక లేదు. సోమవారం తప్పకుండా వెళ్తాను.

మే 13
సోమవారం రెండుసార్లు వచ్చి పోయింది.
అశ్వారావుపేట నుంచి గోప్యా వచ్చాడు. పామాయిల్ రైతు, పాత గిరాకీ. ఆ ఖరీదైన కొత్త మోడల్ చూస్తానంటే ఇంటికి తీసుకెళ్లాను. ఫ్రీజర్ తెరిచి సీసా మీద ‘ర్యాట్’ అన్న అక్షరాలు కూడబలుక్కున్నాడు.
"సేటూ, ఎలుకల మందా? గింతే ఉన్నదేంది?"
"మందు కాదు. ఎలుక మెదడులో ప్రొటీన్‌ను పట్టేది."
"పట్టినంక సస్తదా?"
"అంతకుముందే సస్తది."
"మరి గదే మందు. మా తోటల గెలలన్నీ కొరికి పెడుతున్నయ్. రెండు సుక్కలియ్యరాదు."
పక్కనే మతీన్ ఉన్నాడు. షాపులో నాకు తోడు, బావనని నన్ను దుల్హేభాయ్ అంటాడు.
"ఇయ్యండి దుల్హేభాయ్. గట్లనన్నా సీసా ఇల్లు దాటుతది."
నేను నవ్వలేదు. గోప్యా ఫ్రిజ్ కొన్నాడు.

మే 22
సరళ ఫోన్ చేసింది.
"ఎప్పుడొస్తున్నరు సార్?"
"ఎండలు తగ్గనీ అమ్మా."
"పోయినసారి రోడ్డు బాగలేదన్నరు."
"అదీ ఉంది."
"సీసా పైలంగ ఉన్నదా?"
"మా షాపులోకెల్లా మంచిదాంట్లో ఉంది."
ఫ్రీజర్ తలుపు తీస్తే ముందు కనిపించేది అదే. ఇచ్చేస్తే అక్కడ ఏం పెట్టాలి? బఠాణీలా?

జూన్ 2
వెళ్లాను. ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన పర్ణశాల వెళ్తున్నాడు. చేపలా అని అడిగాడు. అవునన్నాను. సీసా సరళ చేతికి ఇచ్చాను. మొనగాణ్ణి.

జూన్ 4
మళ్లీ భద్రాచలం. మైక్రోస్కోప్‌లో నన్నూ చూడమంది సరళ. డీజే విన్న ఎలుకలు, వినని ఎలుకలు, అన్నీ ఒకటే. ఒక్క చుక్క లేదు.
గైడ్‌కు ఫోన్ కలిపింది. ఆయన ఏనాడూ ఎలుకల గది గడప తొక్కలేదు. తీర్పు మాత్రం వెంటనే ఇచ్చాడు. "చుక్కల్లేవంటే షాకేరా చూసింది తప్పన్నట్టే. ఆ భాగం తీసేద్దాం."
ఫోన్ పెట్టి సరళ నావైపు తిరిగింది.
"మేడం పోయినేడు చుక్కలు చూసిన మెదడుదే ఇంకో ముక్క పక్కన పెట్టిన సార్. అది కూడ ఖాళీనే. మేడంది తప్పు కాదు. సీసనే పాడైంది. దేంట్ల పెట్టిన్రు?"
చెప్పాను. ఎన్ని లీటర్లదో కూడా చెప్పాను.
"ఫ్రాస్ట్‌ఫ్రీనా? మంచు పట్టకుండ అది లోపల ఎట్ల వెచ్చగైతదో మీకు తెల్వదా సార్?"
తెలుసు. రోజూ గిరాకీలకు నేనే చెబుతాను. హీటర్ దానంతటదే వెలుగుతుంది, మంచు దానంతటదే కరుగుతుంది, మీరు వేలు పెట్టక్కర్లేదు.
"వెచ్చబడుడు, సల్లబడుడు, మళ్ల వెచ్చబడుడు. ప్రొటీన్ ఎన్నిసార్లు తట్టుకుంటది? మేడం అందుకే పాత ఫ్రిజ్ ఇడువలే."
షాకేరా నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు. డొక్కు అనడానికే సరిపోయింది.

జూన్ 7
బక్రీద్. నమాజు నుంచి వస్తూ మతీన్ సలహా ఇచ్చాడు.
"గైడ్‌కు చెప్పకుండ్రి దుల్హేభాయ్. ఫ్రిజ్‌ల సేటే సీసా ఖరాబ్ చేసిండంటే ఖమ్మంల మన దగ్గర ఎవరు కొంటరు? ఆ పేపర్ల పేరు ఎవరు సదువుతరు?"
"మీ అక్క పేరు అది."
"ఆపా ఏమన్న చూస్తదా?"
ఆ మాట అన్నాక వాడు తల దించుకుని ఇంటిదాకా నడిచాడు.

జూన్ 8
సరళ కనుక్కుంది. కొత్త సీసా విదేశం నుంచి రావాలి, వారాలు పడుతుంది. కారణం రాసిస్తే జర్నల్ గడువు పెంచుతుంది. ఆ కారణం మీద గైడ్ సంతకం పెట్టడట. పాడు చేసినవాళ్లు ఒప్పుకుంటే చూద్దాం అన్నాడట. ఎవరూ ఒప్పుకోరని ధీమా.
నిర్ణయం, కొత్తది: షాకేరా పని పూర్తి చేయిస్తాను.
రేపు పొద్దున షాపు తెరవను. ముందు గైడ్ ఇంటికి వెళ్తాను. సీసా పాడుచేసింది నేను, ఖాలిద్, ఫ్రిజ్‌ల వ్యాపారిని, షాకేరా చూసిన చుక్కలు నిజం అని ఆయన ఎదుటే రాసి సంతకం చేస్తాను. కింద షాపు ముద్ర కూడా వేస్తాను. ఆయన తన సంతకం పెట్టేదాకా ఆ సోఫాలోంచి లేవను.