వంకర గుంతల సర్వపిండి

ఫిజియోథెరపీ నవనీత మేడమ్ గారికి,

తిరుమలగిరి నుంచి మైసమ్మ కోడలిని రాస్తున్నాను. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పక్షవాతం వచ్చిన కుడిచేత్తో రబ్బరు బంతిని రోజూ నలభై సార్లు పిసకాలని మీరు చెప్పారు. సూర్యాపేటకు వచ్చిన ప్రతిసారీ మా అత్తమ్మ పిసుకుతోందనే చెప్పాను. అది అబద్ధం. "గా బంతి నాకేమన్న కడుపు నింపుతదా?" అంటూ ఆమె దాన్ని మంచం కిందికి దొర్లించేది.

నిన్న సర్వపిండి చేస్తున్నాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెలో పలచగా ఒత్తాను. నూనె దిగడానికి వేలితో గుంతలు పెట్టాలి కదా, అది మరిచిపోయి మూత పెట్టబోయాను. అత్తమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"గుంతలు లేకుంటే నూనె ఏడికెళ్లి దిగుతది? జరుగు!"

నన్ను నెట్టి గిన్నె ముందు కూర్చుంది. ఏ చెయ్యి చాపిందో ఆమెకే తెలియదు. కుడిచెయ్యి, మేడమ్! వేలు వణికింది, కానీ పిండిలో దిగింది. ఆరు గుంతలయ్యాక ఇద్దరం ఆ చేతిని చూసి, పొయ్యి వెలిగించడం కూడా మరిచి నవ్వుతూనే ఉన్నాం.

ఆ సర్వపిండినే మా ఆయనతో పంపుతున్నాను. మాడిన అంచు నాది, వంకర గుంతలు ఆమెవి. నలభైకి చాలా తక్కువే. అయినా తినే ముందు లెక్కపెట్టి, ఆ ఆరూ ఆమె ఫైల్లో రాయండి.

ఇకపై మీకు నిజమే చెప్పే,
మైసమ్మ కోడలు