నల్లదారం కట్టిన తీగ

ఆదోని,
9 నవంబరు 2025.

పూజ్యులైన హుసేనప్ప మామకు, మహాదేవత్తకు,

ప్రేమలత నమస్కారాలు. ఎమ్మిగనూరులో మీరిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను కులాసా. పత్తి బండ్లు మొదలయ్యాయి, కాలేజీకి చేరేసరికి చీరంతా దూదే. మామా, ఫోను చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా రెండు మాటలు కాకముందే అత్త చేతికిస్తారు. అందుకే కాగితం పట్టాను. దీన్ని మాత్రం మీరే చదవాలి.

మీరు కేబుళ్ళు లాగుతుంటే కింద నిచ్చెన పట్టుకున్న పిల్ల ఇప్పుడు మేడమయింది, నవ్వుకోండి. మొన్న కంప్యూటర్లను కలిపే స్విచ్చి పాఠం చెప్పాల్సి వచ్చింది. ప్రతి యంత్రానికీ పుట్టుకతో వచ్చే నంబరు మ్యాక్ అడ్రసు, ఏ నంబరు ఏ పోర్టులో, అంటే ఏ తీగ కన్నంలో ఉందో స్విచ్చి పట్టీ రాసుకుంటుంది అని పుస్తకంలో ఉంది. పిల్లల ముఖాలు చూసి పుస్తకం మూసి మీ మాట చెప్పాను. "యా పోర్టులో ఎవురుండారో అది సూసి సూసి నేర్సుకుంటాదమ్మా. తెలీకపోతే అందర్నీ అడుగుతాది. అడిగేదానికి సిగ్గుపడదు" అనేవారు కదా. వెంటనే ఎక్కింది.

రౌటరుకు మన బస్టాండు పనికొచ్చింది. ఆస్పరి నుంచి ఎమ్మిగనూరు పోయేవాడికి అక్కడే దారంతా చెప్పక్కర్లేదు, ఆదోని బస్సెక్కిస్తే చాలు, తర్వాతి బస్సు ఆదోనిలో చూపిస్తారు అన్నాను. సుప్రీత అనే అమ్మాయి లేచి, దారి తప్పిన డేటా ప్యాకెట్టు ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందా అని అడిగింది. లేదు, దానికి ఆయుష్షు లెక్క ఉంటుంది, రౌటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే అక్కడే ఆగిపోతుంది అన్నాను. మరి స్విచ్చిలో అంది. అక్కడ ఆ లెక్క లేదు. ఒకే తీగ రెండు కొనలూ ఒకే స్విచ్చికి పెడితే, అందర్నీ అడిగిన పిలుపు ఒక కొనలో పోయి ఇంకో కొనలో తిరిగొచ్చి, ఎవరైనా తీగ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని లూపంటారని బోర్డు మీద రాశాను. రాసి వెంటనే చెరిపేశాను.

మార్చిలో, నేనింకా ఎమ్మిగనూరు కాలేజీలో పనిచేస్తున్నప్పుడు, అక్కడ ఆన్‌లైన్ పరీక్ష రోజు జరిగింది అదే కదా. అరవై మంది పిల్లలు కూర్చున్నాక స్విచ్చి దీపాలన్నీ పిచ్చిపట్టినట్టు కొట్టుకున్నాయి, పరీక్ష నలభై నిమిషాలు ఆగింది. ఒకే తీగ రెండు కొనలూ అందులోనే ఉన్నాయని రెండు కాలేజీల ల్యాబులూ చూసే గురురాజ సారు కనిపెట్టారు. ముందురోజు ఆ గది పని ముగించింది మీరు. "ఆ కొనకు నల్లదారం కట్టినట్టే గ్యాపకముండాది సారూ, పెట్టొద్దని గుర్తుకి. యాడ కట్టినా? నా బుద్ధి పోతాంది. మా నాయనకూ ఇట్లే మొదులైనాది" అన్నారు మీరు. ఆ రోజే పని మానేశారు.

అత్త చెప్పింది, తీగ కొనలు బిగించే క్రింపరు పెట్టెలో పెట్టి తాళమేశారట. "గ్యాసు ఆపినానా లేదా అని మూడుసార్లు లేసి సూస్తాండాడు ప్రేమా" అంటూ ఏడ్చింది. ఆ రోజు నుంచి నాకూ అన్నం సహించడం లేదు.

ఇక్కడ కొత్త ల్యాబు వేస్తున్నారు, ఇరవై నాలుగు లైన్లు. మీ మగ్గం దారాల పద్ధతే పెట్టించాను. ఒక తీగ రెండు కొనలకూ ఒకే రంగు దారం. "లేబుళ్ళుండగా ఇదేంది మేడం" అని నవ్వారు పిల్లలు. ఆదోని దుమ్ముకు లేబుళ్ళు రాలిపోతాయి, నేతపని చేసిన చేతి ముడి రాలదు అన్నాను. మీరొచ్చి ఈ లైన్లు లాగాలి మామా. మీకు నిచ్చెన పట్టుకోవాలని ఉంది నాకు.

ఇట్లు,
మీ ప్రేమలత.

తా.క. మొదటి వాక్యంలోనే రాయాల్సింది రాయలేక ఇక్కడిదాకా తెచ్చాను. కవరులో కాగితం ముక్కలో చుట్టి పెట్టింది మీ నల్లదారమే. మీరు కట్టారు మామా. పరీక్ష రోజు పొద్దున, తనిఖీకి వస్తారని నేను గది సర్దుతుంటే ఆ కొన వేలాడుతూ కనిపించింది. మీ రంగుల జతలు తెలుసు గానీ నల్లదాని సంగతి నాకప్పటికి తెలీదు. తీగకు కూడా దిష్టా అని నవ్వుకుని దారం విప్పేశాను, కొన తీసుకెళ్ళి ఖాళీ పోర్టులో పెట్టాను. తెలీనప్పుడు స్విచ్చి కూడా అడుగుతుంది, నేను అడగలేదు. మీరు సారు ముందు తల వంచుకుని నిలబడినప్పుడు ఈ దారం నా పర్సులోనే ఉంది. ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు విప్పలేదు. నిన్న సారుకు చెప్పేశాను, ఏమంటారో రేపు తెలుస్తుంది. మీకు కోపమొస్తే ఫోనెత్తి తిట్టండి, వింటాను. ముందు ఆ పెట్టె తాళం తీయండి. ఆ రోజు మీరేమీ మరిచిపోలేదు మామా.