కట్టని పన్నుకు రసీదు

బొబ్బిలి,
5-11-2008, బుధవారం.

ప్రియమైన హనోకు బావకి,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి దేవప్రసాద్ రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, సుజి, పాప కృపాజ్యోతి బాగున్నాం. అక్కడ నువ్వు, కృపావతి అక్క, పిల్లలు బాగుండాలని రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. చెప్పా పెట్టకుండా ట్రాన్స్‌ఫర్ చేయించుకుని వెళ్లిపోయినవాడి ఉత్తరం అని తెలిస్తే విప్పకుండానే చింపేస్తావేమోనని, కవరు మీద అడ్రసు సుజి చేత రాయించాను. ఇంతవరకూ చదివావు కాబట్టి మిగతాది కూడా చదువు. ఆ తర్వాత బస్సెక్కి వచ్చి కొట్టాలనిపిస్తే రా. నేను ఎక్కడికీ పారిపోను.

మొన్న ఆదివారం సమాధుల పండక్కి సుజి అనకాపల్లి వచ్చింది. వాళ్ల నాన్న సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, అటుగా మీవాళ్ల సమాధుల వైపు కూడా వెళ్లిందట. మీ నాన్న ఎర్రయ్య మామ సమాధికి కొత్తగా సున్నం వేసి, బంతిపూల దండ వేసి ఉందట. పక్కనే మీ అమ్మని పెట్టిన చోట మాత్రం ఉత్త మట్టి. దాని మీద గడ్డి. పేరు లేదు, సిలువ లేదు, కొవ్వొత్తి లేదు. సున్నం వేసినవాడి బ్రష్షు సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిపోయింది. సుజి తన దగ్గర మిగిలిన రెండు కొవ్వొత్తులూ అక్కడ పెట్టి వచ్చింది. దాని మీద కోప్పడకు. ఇంటికొచ్చాక అన్నం ముట్టకుండా ఏడుస్తూ, కొడుకుండి ఆవిడకి ఇదేం ఖర్మ అని నన్ను అడిగింది. అప్పుడు దానికి చెప్పాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

మీ అమ్మ ఆ టాక్సు కట్టలేదు బావా. ఆవిడ పేరున డబ్బు పెట్టిందీ, రసీదు రాసిందీ నేను.

ఈ మాట చెప్పడానికి నాకు ఏడాదిన్నర పైగా పట్టింది. మొదటినుంచి రాస్తాను, లేకపోతే నువ్వు నమ్మవు.

ఇళ్ల పన్ను పెంచినప్పుడు ఎలా ఉండేదో నీకు గుర్తుండే ఉంటుంది. రేకుల ఇళ్లకీ, తాటాకు ఇళ్లకీ కూడా దాదాపు రెట్టింపు వేశారు. కౌన్సిల్లో నువ్వు లేచి, రేకు కింద ఉడికిపోయేవాడికీ మేడ మీద గాలి పీల్చేవాడికీ ఒకే పెంపా అని అడిగావు. పార్టీలన్నీ మరిచిపోయి అందరూ చెయ్యెత్తారు. పేదల ఇళ్ల మీద పెంచింది తీసేయాలని తీర్మానం చేసి పైకి పంపారు. జవాబు వచ్చేదాకా మన సీయోనుపేటతో కలిపి అయిదు పేటల్లో ఎవరూ పైసా కట్టకూడదన్నారు. ఆఫీసు ఎదుట టెంటు వేసి, రోజుకి నలుగురు చొప్పున దీక్షలో కూర్చున్నారు. బెల్లం మార్కెట్లో కలాసీలు కూడా పని దిగాక వచ్చి కూర్చునేవారు. నీ గొంతుకి మైకు దండగ అని నేనే ఎన్నిసార్లు వెక్కిరించాను!

నా బతుకు చూడు. ఆ అయిదు పేటలకీ నేనే బిల్ కలెక్టర్ని. పొద్దున్న నోటీసులు పంచడం, సాయంత్రం నీ టెంటు వెనకాల కూర్చుని నీ ఖర్చుతో టీ తాగడం. నువ్వు నవ్వి, అటు జీతం ఇటు టీ, నీ పనే బాగుందిరా అనేవాడివి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు అందరినీ నిలబెట్టి మాట తీసుకున్నావు. ఆ మధ్యాహ్నమే పేటలో ప్రతి తలుపు మీదా సున్నంతో 'కట్టం' అని రాసుకున్నారు. మొదట రాసింది మీ అమ్మ తలుపు మీద. చిన్నమ్మలు అత్తకి అక్షరం రాదు కదా, నువ్వు చెయ్యి పట్టి రాయించావు. ఆ 'ట్ట' వంకరగా పోయి తలుపు గొళ్లెం దాకా వెళ్లింది. ఆవిడ దాన్ని చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది.

మార్చి ఆఖరి వారంలో జప్తు లిస్టు చేతికిచ్చారు. కట్టని ఇళ్ల తలుపులు ఊడదీసి తెమ్మన్నారు. పది పేర్లు. మొట్టమొదటి పేరు చిన్నమ్మలు, భర్త ఎర్రయ్య. కౌన్సిలర్ తల్లి తలుపు పీకితే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి కడతారని మా ఆఫీసరు ఆలోచన. ఎర్ర నోటీసు ఇవ్వడానికి వెళ్లాను. అత్త గంజి తాగుతూ ఉంది. సంగతి చెబితే ఏమాత్రం కంగారుపడలేదు. 'రేపొచ్చి పీక్కుపో నాయినా, సీర అడ్డం కట్టుకుంటాను. నీకూ గంజి పొయ్యనా?' అంది. కూర్చుని తాగాను. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ గంజే కదా. ఆ తలుపు, ఎవరిదో పాత బెల్లం కొట్టు పడగొడుతుంటే మీ నాన్న అడిగి తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని చిత్రిక పట్టి బిగించినది. దాన్ని నా చేతులతో ఊడదీసి ట్రాక్టర్లో వేయాలి.

నా వల్ల కాలేదు. మర్నాడు ఆఫీసు తెరవగానే ఆవిడ పేరున రసీదు రాసి, డబ్బు నా జేబులోంచి తీసి కౌంటర్లో పెట్టాను. కట్టినవాళ్ల తలుపు పీకరు, అంతే నాకు తెలిసింది. ఆ రసీదు ఎవరి కంటా పడదులే అనుకున్నాను. కాగితం నా దగ్గరే దాచుకున్నాను. రసీదు సంగతి అత్తకి చెప్పలేదు. అది రాసింది నేనని ఆవిడకి చివరిదాకా తెలియదు.

నా మంచితనం చూసుకుని ఆ రోజంతా గర్వంగా తిరిగాను. నవ్వొస్తోంది రాస్తుంటే.

తర్వాత జరిగింది నీకు తెలిసిందే, కానీ నేను ఎక్కడ నిలబడి చూశానో నీకు తెలియదు. కౌన్సిల్ మీటింగులో నేను తలుపు పక్కన ఫైళ్లు పట్టుకుని నిలబడ్డాను. మా అయిదు పేటల్లో ఒక్క రసీదు తెగిందని చూపించండి, ఇప్పుడే రాజీనామా రాసిస్తాను అన్నావు నువ్వు. ఆఫీసరు తొందర పడలేదు. రిజిస్టరు తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, చిన్నమ్మలు, భర్త ఎర్రయ్య, సీయోనుపేట అని చదివాడు. అవతలి పార్టీ కౌన్సిలర్ త్రినాధరావు గారు బల్ల చరిచి, కొడుకుది దీక్ష, తల్లిది రసీదు అన్నారు. అందరూ నవ్వారు. నీ ముఖం చూశాను బావా. అప్పుడే రెండడుగులు ముందుకేసి నేనే రాశానండీ అంటే సరిపోయేది. ఫైళ్లు గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదంటావు. అప్పటికి నా ప్రొబేషన్ పూర్తి కాలేదు. మా నాన్న సర్వీసులో పోతే ఇచ్చిన ఉద్యోగం. జప్తు తప్పించడానికి డబ్బు కట్టానంటే ఆఫీసులో తీసేస్తారు. ఉద్యమం చెడగొట్టానంటే పేటలో తన్నేస్తారు. రెండు వైపులా భయమే. సుజికి నెలలు నిండి ఉన్నాయి. ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ అసలు కారణం ఇంకా చిన్నది. నాకు ధైర్యం లేదు.

నువ్వు మాట ప్రకారం రాజీనామా ఇచ్చేశావు. లీడరు అమ్మే కట్టేసింది, మనకెందుకు అని నాలుగో రోజుకి కౌంటరు దగ్గర క్యూ కట్టారు. లిస్టులో మిగతా తొమ్మిది తలుపులూ పీకే పనే లేకపోయింది. ఆ క్యూకి రసీదులు రాసింది నేనే. పాత పన్ను, కొత్త పన్ను, ఆలస్యానికి వడ్డీ, అన్నీ కలిపి కట్టారు. నూకరాజు మేకల్ని అమ్మి తెచ్చాడు. మరిడమ్మ చెవి కమ్మలు తీసి మూట కట్టుకుని వచ్చి, ఇవి తీసుకుంటారా బాబూ అని నన్నే అడిగింది. ఇక్కడ కమ్మలు తీసుకోరని చెప్పి తిప్పి పంపాను. మధ్యాహ్నానికి బోసి చెవులతో వచ్చి కట్టి వెళ్లింది.

ఒక్కమాట బావా. ఆ రోజు ఆ తలుపు పీకి ఉంటే మీరు గెలిచేవారు. కౌన్సిలర్ తల్లి, డెబ్భై ఏళ్ల ముసలిది, చీర అడ్డం కట్టుకుని కూర్చుంటే ఊరంతా కదిలేది. పేపర్లో ఫోటో వచ్చేది. పైవాళ్లు దిగివచ్చేవారు. ఆవిడకి అది తెలిసే పీక్కుపొమ్మంది. తెలియంది నాకే.

నువ్వు ఆ సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి అరిచిన అరుపులు మా ఇంట్లోకి వినిపించాయి. 'నాను కట్టనేదురా' అని ఆవిడ అంటూనే ఉంది. రసీదు అబద్ధమాడతాదేటి అన్నావు. ఇయ్యాల్టి నుంచి నా గుమ్మం తొక్కొద్దు అన్నావు. ఆవిడ మళ్లీ అదే మాట అంది, కానీ ఈసారి గొంతు చాలా చిన్నగా ఉంది.

సంఘపు ఆడవాళ్లు శనివారం పిడికెడు బియ్యానికి ఇల్లిల్లూ తిరుగుతారు కదా. వండుకునే బియ్యంలోంచి పూటకో పిడికెడు దేవుడికి తీసిపెట్టడం అత్తకి చిన్నప్పటినుంచీ అలవాటు. ఆ శనివారం నుంచి వాళ్లు ఆవిడ ఇల్లు దాటుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టారు. మాట తప్పినదాని బియ్యం ఎందుకన్నారు. ఆవిడ మాత్రం తీసిపెట్టడం మానలేదు. కుండ నిండితే తపేలాలో పోసింది. పురుగు పడితే చేటలో చెరిగి, ఎండబెట్టి, మళ్లీ అందులోనే పోసేది. శనివారం పొద్దున్నే తలుపు తీసి, కుండ గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చునేది. ఎవరూ ఆగేవారు కాదు. మా సుజి కూడా ఆగలేదు. అందుకే మొన్న అంత ఏడ్చింది.

ఈ జూలైలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. నువ్వు వచ్చావు, పెట్టె కొనిచ్చావు, అన్నీ చేయించావు. కానీ మట్టి వేసే వేళకి లోపలికి రాలేదు. గేటు బయట వానలో నిలబడ్డావు. నీ బదులు నన్ను ముందుకు తోశారు, కొడుకులాంటివాడే కదా అని. నేను వేశాను బావా ఆ మట్టి. నెల తిరక్కుండానే ట్రాన్స్‌ఫర్ అడిగి ఇక్కడికి వచ్చేశాను.

ఇప్పుడు నా ప్రొబేషన్ అయిపోయింది, ఉద్యోగం ఖాయమైంది. అది అయ్యాక చెబుతున్నానని నువ్వు అనుకుంటావు. అనుకో. నిజమే.

ఆ రసీదు ఈ కవర్లోనే పెట్టాను. దస్తూరీ చూడు. నన్ను క్షమించమని అడగను. మీ అమ్మకి పేరు రాయించు. చిన్నమ్మలు అని రాయిస్తావో, బాప్తీస్మంలో పెట్టిన ఎస్తేరు అని రాయిస్తావో నీ ఇష్టం. ఈ ఉత్తరం ఆదివారం సంఘంలో నిలబడి చదువు, నా పేరుతో సహా. ఆఫీసులో తెలిసినా సరే. బియ్యం తీసుకోని ఆడవాళ్లు వినాలి. కమ్మలు అమ్ముకున్న మరిడమ్మ వినాలి.

కృపావతి అక్కకి నా వందనాలు. పిల్లలకి ముద్దులు.

నీ దగ్గర నోరెత్తలేని,
దేవప్రసాద్

తా.క. కవరు అంటించి, మళ్లీ విప్పాను. పైన ఒకచోట అబద్ధం రాశాను. ఆ ముక్క సంఘంలో చదువుతావో లేదో నీ ఇష్టం, నీకు మాత్రం తెలియాలి.

రసీదు రాసింది నేనని అత్తకి తెలుసు. నువ్వు గుమ్మం తొక్కొద్దన్న మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. పేటలో రసీదు పుస్తకం పట్టుకుని తిరిగేవాణ్ణి నేనొక్కణ్ణే కదా. 'నువ్వేనేటి నాయినా?' అని అడిగింది. ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. క్షమించమని కాదు బావా, ఎవరికీ చెప్పొద్దని. పెరట్లో సుజి నిండు కడుపుతో బట్టలు ఉతుకుతోంది. అత్త అటు కాసేపు చూసి, నన్ను లేపి, 'నా కొడుకు కోపం నాకు తెల్దేటి? నాలుగు రోజులుంటాది. నీ నౌకరీ పోతే మళ్లీ రాదు, ఊరుకో' అంది.

ఆ తర్వాత పదహారు నెలలు బతికింది. నువ్వు అడిగినప్పుడూ, పాస్టరు గారు అడిగినప్పుడూ, ఆడవాళ్లు ముఖం మీదే అడిగినప్పుడూ, నాను కట్టనేదు అంది. ఎవరు కట్టారో ఒక్కసారి కూడా చెప్పలేదు.